ఫ్లూ రోజుల్లో విమానం ఎక్కాలంటే: కడప వాకిలి నుంచి దిగిన నాలుగో రోజు దాకా

మా కడపలో ఎవరైనా కువైట్‌కో దుబాయ్‌కో పోతున్నారంటే ఆ ఇల్లు రెండు రోజుల ముందే చుట్టాలతో నిండిపోతుంది. ఊరగాయ డబ్బాలకు టేపు చుట్టేవాళ్లు ఒకపక్క, పెట్టె బరువు తూచేవాళ్లు ఒకపక్క. బయలుదేరే రాత్రి ఏడు సీట్ల బండిలో తొమ్మిది మంది ఎక్కుతారు. విమానం టికెట్లు బుక్ చేసే పనిలో పదేళ్లకు పైగా ఉన్నాను కాబట్టి, ఫ్లూ గట్టిగా తిరిగే రోజుల్లో నన్ను అందరూ ఒకటే అడుగుతారు: "అన్నా, విమానంలో అంటుకుంటుందంట కదా, ఏం చేయాల?" నేను ముందు ఆ బండి గురించే చెప్తాను. విమానంలో కూర్చోవడం కన్నా విమానం దాకా చేరే దారిలోనే మనవాళ్లకు ఎక్కువ ముప్పు ఉందని నా గట్టి నమ్మకం. ఎందుకో, దానికి ఏం చేయాలో వరుసగా చెప్తాను.

ముందు ఈ జబ్బు సంగతి

ఫ్లూను మనం పడిశం లెక్కన తీసుకుంటాం. రెండూ వేరు. పడిశం మెల్లగా మొదలవుతుంది. ముక్కు కారుతుంది, గొంతు గరగరమంటుంది, మనిషి పని చేసుకుంటూనే ఉంటాడు. ఫ్లూ వస్తే పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడతాడు. చలి జ్వరం, పొడి దగ్గు, తలనొప్పి, ఒళ్లంతా కొట్టినట్టు నొప్పులు.

వైరస్ ఒంట్లోకి చేరాక 1 నుంచి 4 రోజుల్లో, ఎక్కువమందికి 2 రోజుల్లో జబ్బు బయటపడుతుంది. జ్వరం రావడానికి ఒక రోజు ముందు నుంచే ఆ మనిషి ఇంకొకరికి అంటించగలడు. జబ్బు పడ్డాక 5 నుంచి 7 రోజుల దాకా అది కొనసాగుతుంది. అంటే మీ పక్కన కూర్చుని చక్కగా మాట్లాడుతున్న మనిషికే రేపు జ్వరం రావచ్చు. ఆ సంగతి అతనికీ తెలియదు. దగ్గు, తుమ్ము తుంపర్లు సుమారు 6 అడుగుల లోపు ఎక్కువగా పడతాయి. గాలి ఆడని గదిలో అయితే సన్నటి తుంపర్లు గాలిలోనే తేలుతుంటాయి. స్టీలు, ప్లాస్టిక్ లాంటి గట్టి వస్తువుల మీద వైరస్ 24 నుంచి 48 గంటలు బతుకుతుంది.

2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు మన దేశంలో మొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే. ఆ మే నెలలో అమెరికా నుంచి విమానంలో వచ్చిన యువకుడికి పరీక్షలో తేలింది. మరుసటి నెల 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మహమ్మారిగా ప్రకటించింది. విమానాశ్రయాల్లో నుదుటి వేడి చూసే థర్మల్ స్కానర్లు అప్పుడే మనవాళ్లకు అలవాటయ్యాయి. ఆ స్కానర్ జ్వరం ఉన్నవాణ్ని మాత్రమే పట్టుకుంటుంది. రేపు జ్వరం రాబోయేవాణ్ని పట్టుకోలేదు. అందుకని స్కానర్ పెట్టారు కదా, లోపల అందరూ బాగానే ఉంటారులే అనుకోవద్దు.

టికెట్ తీసే రోజే చేయాల్సినవి

మన దేశంలో ఫ్లూ ఏడాదికి రెండుసార్లు ఎక్కువవుతుంది. ఒకటి జనవరి నుంచి మార్చి దాకా, రెండోది వానకాలంలో జూలై నుంచి సెప్టెంబర్ దాకా. తేదీ మీ చేతిలో ఉంటే, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని పోయే ప్రయాణాన్ని ఈ నెలల నుంచి తప్పించండి.

తేదీ మీ చేతిలో లేకపోతే టీకా వేయించుకోండి. ఫ్లూ టీకా పని మొదలుపెట్టడానికి సుమారు 2 వారాలు పడుతుంది. అందుకే టికెట్ తీసిన వారంలోనే వేయించుకోమని మా దగ్గరికి వచ్చేవాళ్లకు చెప్తాను. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి నిరుడు వేయించుకున్నది ఈ ఏడాదికి చాలదు. 65 ఏళ్లు దాటినవాళ్లు, షుగర్, ఉబ్బసం, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు దీన్ని వాయిదా వేయకూడదు. 6 నెలలు నిండని పసిబిడ్డకు ఈ టీకా వేయరు. ఆ బిడ్డ చుట్టూ ఉండేవాళ్లు వేయించుకోవడమే దానికి రక్ష. ఇదివరకు ఏదైనా టీకా పడక ఒంటికి తేడా చేసి ఉంటే ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పండి.

టికెట్ దగ్గర మూడు సంగతులు చూడాలి. మొదటిది, తేదీ మార్చుకోవాలంటే ఎంత కట్టాలో అప్పుడే అడగండి. నాలుగు వందలు తక్కువని మార్పు కుదరని టికెట్ తీసుకుంటే, జ్వరం వచ్చినా డబ్బు పోతుందని ఎక్కేస్తాం. ఇది రోజూ చూస్తున్నదే. రెండోది, వీసా గడువు, లీవు గడువు ముగిసే చివరి రోజుకు టికెట్ పెట్టుకోవద్దు. కనీసం వారం తేడా ఉంచండి. ఆ వారం ఉంటే జ్వరం వచ్చినా టెన్షన్ లేకుండా ఆగిపోవచ్చు.

మూడోది కిటికీ సీటు. అమెరికాలో విమానాల్లో మనుషుల కదలికలను లెక్కగట్టిన ఒక పరిశోధన 2018లో వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ప్రయాణం మొత్తంలో సగటున 12 సార్లు ఇతరులు దగ్గరగా తగిలితే, నడిమి సీటు వాళ్లకు 58, నడిచే దారి పక్కన ఉన్నవాళ్లకు 64 సార్లు తగిలారట. పెద్దవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆరోగ్యంగా ఉన్న మీరు వాళ్ల పక్కన కూర్చోండి. మీరే వాళ్లకు గోడ.

ఏ విమానాశ్రయం అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కర్నూలు వాళ్లకు ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం వచ్చింది. కడపలో మనకు ఉంది. అనంతపురం వాళ్లు 44వ నంబరు హైవే పట్టుకుని పెనుకొండ, కొడికొండ, బాగేపల్లి మీదుగా దేవనహళ్లిలో ఉన్న బెంగళూరు విమానాశ్రయానికి పోవాల్సిందే. విదేశాలకు పోయేవాళ్లు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఏదో ఒకటి చేరాలి. కడప నుంచి చిన్న విమానంలో పోయి అక్కడ పెద్దది ఎక్కే వీలుంటే, మీ తేదీకి సర్వీసు ఉందేమో చూడండి. ఐదారు గంటలు కిక్కిరిసిన బండిలో కూర్చోవడం తప్పుతుంది. అన్ని రోజులూ ఉండదు కాబట్టి ముందే కనుక్కోవాలి.

చేతి సంచిలో ఏం ఉండాలి

మాస్కులు ఐదారు, ఎన్95 అయితే మేలు. కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ 100 మిల్లీలీటర్ల సీసా. అంతకన్నా పెద్దది సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పడేస్తారు. తడి టిష్యూల ప్యాకెట్, కాగితం కవర్లు రెండు, డిజిటల్ థర్మామీటర్, ఓఆర్‌ఎస్ పొడి, ఖాళీ నీళ్ల సీసా. బీపీ, షుగర్ మాత్రలు పెద్ద పెట్టెలో వేయొద్దు. మాత్రలూ చీటీ కలిపి చేతి సంచిలోనే ఉండాలి.

మందుల గురించి ఒక మాట కాస్త నిదానంగా చదవండి. ఫ్లూ రోజుల్లో మనవాళ్లు దగ్గు సిరప్పులు రెండు మూడు సీసాలు పెట్టెలో సర్దుకుంటారు. వాటిలో కొన్నింట్లో కోడీన్ ఉంటుంది. గల్ఫ్ దేశాల్లో దాన్ని మత్తుమందుల జాబితాలో చూస్తారు. నొప్పికి వాడే ట్రమడాల్ కూడా అంతే. ఇక్కడ మామూలు మందే కదా అని తీసుకుపోయి అక్కడ పోలీసుల ముందు నిలబడే పరిస్థితి తెచ్చుకోవద్దు. మందుల షాపులో "ఇందులో కోడీన్ ఉందా?" అని నోరు తెరిచి అడగండి. మీ దగ్గర ఉన్న ప్రతి మందుకూ డాక్టర్ పేరు, మందు పేరు ఇంగ్లీషులో స్పష్టంగా ఉన్న చీటీ పెట్టుకోండి. పక్కింటివాళ్లు "మా వాడికి ఇవ్వు" అని చేతిలో పెట్టే మందుల పొట్లం తీసుకోవద్దు. మొహమాటం పనికిరాదు.

తినడానికి ఇంటి నుంచే తెచ్చుకుంటే మంచిది. బొరుగులు, వేయించిన చెనిక్కాయలు, చపాతీ. ఎవరి పొట్లం వాళ్లకు విడిగా కట్టండి. ఒకే గిన్నెలో అందరూ చేతులు పెట్టే తిండి ఈ రోజుల్లో వద్దు.

బయలుదేరే రోజు పొద్దున: పోవాలా, ఆగాలా

ఈ నిర్ణయం మీద మిగతాదంతా ఆధారపడి ఉంది. ప్రయాణానికి రెండు రోజుల ముందు నుంచి పొద్దున, సాయంత్రం థర్మామీటర్ పెట్టి చూసుకోండి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే జ్వరం అనే లెక్క. జ్వరం ఉంటే పోవద్దు. జ్వరం తగ్గే మాత్ర వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా గడిస్తేనే బయలుదేరండి. దగ్గు ఇంకా గట్టిగా ఉంటే మొదటి రోజు నుంచి 5 రోజులైనా గడవనివ్వండి.

కొందరు పారాసిటమాల్ వేసుకుని స్కానర్ దాటిపోతారు. నా దగ్గరికి వచ్చి, "రెండు మాత్రలు వేసుకుంటే తెలియదు కదన్నా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. మాత్ర జ్వరాన్ని దాచుతుంది, వైరస్‌ను దాచదు. మీ వెనక సీట్లో కీమోథెరపీకి పోతున్న మనిషి ఉండొచ్చు, ముందు సీట్లో నెలల బిడ్డ ఉండొచ్చు. ఇంకో సంగతి మీకే నష్టం చేసేది: ముక్కు, చెవి మూసుకుపోయి ఉన్నప్పుడు విమానం దిగేటప్పుడు చెవిలో ఒత్తిడి సర్దుకోదు. సూదితో పొడిచినట్టు నొప్పి వస్తుంది, ఒక్కోసారి కర్ణభేరి చిరుగుతుంది.

ఆగిపోవాల్సి వస్తే అదే రోజు డాక్టర్‌ను కలవండి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. జబ్బు మొదలైన 48 గంటల లోపు వేస్తే బాగా పనిచేస్తుంది. అది డాక్టర్ చీటీ మీదే తీసుకోవాలి. యాంటీబయాటిక్స్ ఫ్లూ వైరస్ మీద పనిచేయవు. షాపులో అడిగి మూడు రోజుల కోర్సు మింగడం వల్ల ఒరిగేదేమీ లేదు. పిల్లలకు జ్వరానికి యాస్పిరిన్ ఇవ్వకూడదు, ప్రమాదం. డాక్టర్ సర్టిఫికెట్ చేతికి వచ్చాక టికెట్ తీసిన చోట తేదీ మార్పు అడగండి. విమానం బయలుదేరే గంట ముందు కాకుండా, జ్వరం తేలిన వెంటనే ఫోన్ చేయండి. ముందు చెప్పినకొద్దీ చార్జీ తగ్గే వీలుంటుంది.

బండి

కొన్నేళ్ల కింద జనవరిలో మా అక్క కొడుకును కువైట్‌కు పంపడానికి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు ఎనిమిది మందిమి బయలుదేరాం. పొద్దున నుంచి మా పెద్దమ్మాయి పొడి దగ్గు దగ్గుతూనే ఉంది. "చలి గాలి పడినట్టుంది లే" అన్నాం. మా జేజికి అప్పుడు డెబ్బై ఆరు. మనవణ్ని సాగనంపాలని పట్టుబట్టి నడిమి సీట్లో కూర్చుంది. గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు చలికి అద్దాలన్నీ బిగించేశారు. డ్రైవర్ లోపలి గాలే తిరిగేలా ఏసీ పెట్టాడు. పైన గువ్వలచెరువులో పాలకోవా కొన్నాం. ఒకే పొట్లం, ఒకే స్పూను, ఎనిమిది మంది. రాయచోటి దాటేసరికి అద్దాల మీద లోపలి వైపు ఆవిరి పట్టి, డ్రైవర్ గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ ఆవిరి మా అందరి ఊపిరే. అప్పుడు నాకు తట్టలేదు.

మూడో రోజుకు జేజికి జ్వరం, ఐదో రోజుకు ఆయాసం. ఆసుపత్రిలో ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. అక్క కొడుక్కు కువైట్‌లో దిగిన రెండో రోజే జ్వరం. ఆరుగురు పడుకునే గదిలో పై మంచం మీద వణుక్కుంటూ ఫోన్ చేశాడు. విమానంలో అంటుకుందని వాడనుకున్నాడు. ఇంట్లో అదే రోజు నలుగురం పడిపోయాం. మేమెవరం విమానం ఎక్కలేదు. జేజి బతికి ఇంటికి వచ్చింది గానీ మునుపటి నడక రాలేదు. ఆ అద్దం నాలుగు వేళ్లు దించి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. సాగనంపడం ఇంటి వాకిట్లోనే ముగించండి. హారతి, కొబ్బరికాయ, కన్నీళ్లు అన్నీ అక్కడే. బండిలో పోయేవాళ్లు, ఒకరిద్దరు తోడు, డ్రైవర్, అంతే. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా బండి ఎక్కకూడదు. బాధపడతారని ఊరుకోవద్దు, జేజి కథ చెప్పండి. ముసలివాళ్లు, పసిబిడ్డలు ఇంట్లోనే ఉండాలి. వాళ్లు వీడియో కాల్‌లో చూస్తారు.

బండిలో ఏసీ వేస్తే డాష్‌బోర్డు మీద కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం గుర్తు బటన్ ఉంటుంది. అది వెలిగి ఉంటే లోపలి గాలే మళ్లీ మళ్లీ తిరుగుతోందని అర్థం. దాన్ని ఆపేయించండి, బయటి గాలి వస్తుంది. దాంతోపాటు ముందు ఒక అద్దం, దానికి ఎదురు మూలలో వెనక ఒక అద్దం నాలుగు వేళ్లు దించండి. గాలి ఒక మూల నుంచి వచ్చి ఇంకో మూల నుంచి పోతుంది. చలేస్తే శాలువా కప్పుకోండి. డ్రైవర్‌కు కూడా ఒక మాస్కు ఇవ్వండి. ఆయన ఈ వారంలో ఎందరిని ఎక్కించుకున్నాడో మనకు తెలియదు. టీకి ఆగితే లోపల బల్లల దగ్గర కాకుండా బయట నిలబడి తాగండి. బస్సులో పోయేవాళ్లయితే కిటికీ తెరుచుకునే మామూలు బస్సు, ఏసీ బస్సు కన్నా ఈ విషయంలో మేలు.

ఎయిర్‌పోర్టు లోపల

వెబ్ చెక్-ఇన్ ఇంట్లోనే చేసుకుని రండి. కౌంటర్ దగ్గర నిలబడే సమయం తగ్గుతుంది. మాస్కు గేటు బయటే పెట్టుకోండి. పైన ఉండే సన్నటి కమ్మీని ముక్కు మీద రెండు వేళ్లతో నొక్కండి. ఊపిరి వదిలినప్పుడు కళ్లద్దాలకు ఆవిరి పడుతోందంటే పక్కల నుంచి గాలి పోతోందని అర్థం, మళ్లీ సర్దుకోండి. మాటిమాటికీ గడ్డం కిందకు లాగడం, దగ్గడానికి మాస్కు తీయడం చూస్తుంటాను. దగ్గు వచ్చినప్పుడే దానితో ఎక్కువ అవసరం.

ఎయిర్‌పోర్టులో మురికి అంటే మనకు బాత్రూమే గుర్తొస్తుంది. ఫిన్లాండ్‌లో హెల్సింకీ విమానాశ్రయంలో పరిశోధకులు చాలా చోట్ల నమూనాలు తీశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. సెక్యూరిటీ దగ్గర సామాను పెట్టే ప్లాస్టిక్ ట్రేలలో సగం నమూనాల్లో జలుబు తెచ్చే వైరస్‌ల ఆనవాళ్లు దొరికాయి. బాత్రూముల్లో తీసిన నమూనాల్లో దొరకలేదు. ఆలోచిస్తే అర్థమవుతుంది. బాత్రూం కడుగుతారు, ట్రేను ఒక మనిషి చేతిలో నుంచి ఇంకో మనిషి చేతికి అట్లే పంపుతారు. దాన్ని అందరూ గట్టిగా పట్టుకుంటారు. ఫోను, బెల్టు, పర్సు అన్నీ అందులో పడేస్తారు. అవతలికి పోయి ఫోన్ తీసి చెవికి పెట్టుకుంటారు.

కాబట్టి వరుసలో ఉండగానే ఫోన్, పర్సు, తాళాలు అన్నీ చేతి సంచి జిప్పులో వేసి సంచినే ట్రేలో పెట్టండి. ఫోన్ విడిగా పెట్టమంటే పెట్టండి, వాదన వద్దు. ట్రే దాటిన వెంటనే శానిటైజర్ వేసుకుని, ఫోన్‌ను తడి టిష్యూతో తుడవండి. బాత్రూంకు పోయి సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగండి. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కింద మర్చిపోతుంటాం. చేతులు కడిగే దాకా కళ్లు నలపడం, ముక్కు తుడవడం వద్దు.

గేటు దగ్గర అందరూ ఒకే చోట గుమికూడతారు, పక్క గేటు సీట్లు ఖాళీగా ఉంటాయి. అక్కడ కూర్చుని మీ గేటు మీద ఒక కన్నేసి ఉంచండి. సీటు నంబరు ముందే ఉంటుంది కాబట్టి తోసుకోవాల్సిన పని లేదు, గేటు మూసే సమయం చూసుకుంటూ వరుస సన్నబడ్డాక లేవండి. విమానం దాకా తీసుకుపోయే బస్సులో తలుపు దగ్గర నిలబడండి. ఖాళీ సీసాలో నీళ్లు సెక్యూరిటీ దాటాక పట్టుకోండి.

పెద్ద విమానాశ్రయాల్లో దగ్గు, జ్వరంతో దిగిన ప్రయాణికులను ఆరోగ్య శాఖ వాళ్లు పక్కకు పిలిచి వివరాలు అడగొచ్చు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

విమానంలో

పెద్ద జెట్ విమానం గాలి గురించి మన భయం ఎక్కువ, నిజం తక్కువ. లోపలి గాలి గంటకు 20 నుంచి 30 సార్లు మారుతుంది. అందులో సుమారు సగం బయటి గాలి, మిగతా సగం హెపా అనే ఫిల్టర్ గుండా వస్తుంది. ఆ ఫిల్టర్ 0.3 మైక్రాన్ల కణాలను కూడా 99.97 శాతం పట్టేస్తుంది. గాలి తల పైనుంచి కాళ్ల వైపు దిగుతుంది. కడప, ఓర్వకల్లు వైపు తిరిగే ఏటీఆర్ లాంటి రెక్కల పంకాల చిన్న విమానాల్లో ఈ ఫిల్టర్ ఉంటుందని లెక్క వేసుకోవద్దు. కానీ ప్రయాణం గంటన్నర లోపే, సీట్లు కూడా రెండూ రెండు. మాస్కు తీయకుండా కూర్చుంటే చాలు.

ఇదంతా ఇంజను తిరుగుతూ గాలి ఆడుతున్నప్పుడు. ఆడకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 1977లో అలాస్కాలో ఒక విమానం ఇంజను లోపంతో నేల మీదే గంటల తరబడి ఆగిపోయింది. లోపల గాలి తిప్పే ఏర్పాటు ఆగిపోయింది. 54 మందిలో ఒకరికి అప్పటికే ఫ్లూ ఉంది. మూడు రోజుల్లోపు 72 శాతం మంది జబ్బు పడ్డారు. ఎగిరే సమయం కాదు వాళ్లను పడగొట్టింది, గాలి ఆడని ఆ ఎదురుచూపు. మా బండి అద్దం మీది ఆవిరి ఇక్కడ గుర్తొస్తుంది నాకు.

అందుకే విమానం ఎక్కాక బయలుదేరే దాకా, దిగాక తలుపు తెరిచే దాకా, ఈ రెండు సమయాల్లో మాస్కు బిగించి ఉంచండి. భోజనం, మాటలు విమానం పైకి లేచి సీటు బెల్టు గుర్తు ఆరిపోయాక పెట్టుకోవచ్చు. దిగాక బెల్టు చప్పుడు కాగానే అందరూ ఒక్కసారిగా లేచి మెడల మీద ఊపిరి పడేలా నిలబడతారు. మీరు కూర్చునే ఉండండి. తలపైన గుండ్రటి గాలి గొట్టం ఉంటుంది, దాన్ని తిప్పి గాలి మీ ముఖం ముందు నుంచి ఒళ్లోకి పడేలా మధ్యస్థంగా పెట్టుకోండి.

కూర్చోగానే ముందరి ట్రే బల్ల, చేతులు పెట్టే కమ్మీ, బెల్టు బకిల్ తడి టిష్యూతో తుడవండి. సీటు జేబులో తాగిన గ్లాసు, వాడిన టిష్యూ పెట్టొద్దు. మీ కాగితం కవర్‌లో వేసుకోండి. అక్కడ ఉన్న పత్రిక కూడా ముట్టుకోకపోతే మంచిది. లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, గొంతు ఎండుతుంది. గంటకొకసారి నాలుగు గుటకల నీళ్లు తాగండి. తాగేటప్పుడు మాస్కు తీసి వెంటనే పెట్టుకోండి. పక్కవాళ్లు తినేటప్పుడు మీరు ఆగి, వాళ్లు మాస్కు పెట్టుకున్నాక తినడం మంచిది.

పక్కన కూర్చున్నవాళ్లు అదేపనిగా దగ్గుతుంటే ఏం చేయాలి? గొడవ పెట్టుకోవద్దు. మీ దగ్గర ఉన్న ఒక మాస్కు ఇవ్వండి. "అన్నా, దగ్గు బాగా ఉన్నట్టుంది, ఇది పెట్టుకోండి" అంటే చాలామంది తీసుకుంటారు. ఖాళీ సీట్లు ఉంటే ఎయిర్ హోస్టెస్‌ను వేరే వరుస అడగండి. మీకే ఒంట్లో బాగాలేకుంటే దాచకుండా సిబ్బందికి చెప్పండి. వాళ్లకు దాని మీద శిక్షణ ఉంటుంది, మీకు తగిన చోటు చూపిస్తారు.

పసిపిల్లలు ఉంటే విమానం కిందికి దిగేటప్పుడు పాలు పట్టండి లేదా సీసా ఇవ్వండి. మింగుతుంటే చెవి నొప్పి తగ్గుతుంది. పెద్ద పిల్లలకు ఒక పిప్పరమెంటు బిళ్ల చప్పరించడానికి ఇవ్వండి. రెండేళ్ల లోపు బిడ్డకు మాస్కు పెట్టొద్దు, ఊపిరికి అడ్డం. ఆ బిడ్డను కిటికీ వైపు పెట్టుకుని, ముద్దులు పెట్టే అపరిచితులను మెల్లగా ఆపండి.

దిగాక నాలుగు రోజులు

ఇంటికి చేరగానే అందరూ ఎదురొస్తారు. ఆగండి. చేతులు కడిగి, బట్టలు మార్చి, వీలుంటే స్నానం చేసి అప్పుడు పిల్లలను ఎత్తుకోండి. జేజికి, తాతకు పాదాలు మొక్కాలంటే దూరం నుంచే మొక్కండి, నాలుగు రోజులయ్యాక దగ్గరికి పోండి. ఈ నాలుగు రోజులు రాత్రి థర్మామీటర్ చూసుకోవడం, పెళ్లిళ్లు, రద్దీగా ఉండే గుళ్లు తప్పించుకోవడం చేయండి. తప్పనిసరైతే మాస్కుతో పోండి.

గల్ఫ్‌లో మూడంచెల మంచాల గదికి చేరినవాళ్లు, కిటికీ ఉన్న పక్క అడిగి తీసుకోండి. ఎదురెదురుగా ఊపిరి తగలకుండా ఒకరి తల వైపు ఇంకొకరి కాళ్లు వచ్చేలా పడుకోండి. జ్వరం వస్తే ఆ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పండి. పని పోతుందని దాచిపెట్టి డ్యూటీకి పోయి పడిపోతున్నారు మనవాళ్లు. కువైట్‌లో అత్యవసరానికి నంబరు 112.

ఊపిరి ఆడకపోవడం, ఛాతీ నొప్పి, పెదాలు నీలం తిరగడం, మనిషి మాట తడబడటం లేదా మగతగా ఉండటం, జ్వరం తగ్గి రెండు రోజులకు మళ్లీ ఎక్కువై రావడం, పిల్లలు నీళ్లు తాగకపోవడం, పక్కటెముకలు లోపలికి పోయేలా ఊపిరి తీయడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లారే దాకా ఆగొద్దు. మన దగ్గరైతే 108కి ఫోన్ చేయండి. సలహా మాత్రమే కావాలంటే 104. కడపలో రిమ్స్, కర్నూలులో పెద్దాసుపత్రి, అనంతపురంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఏ రాత్రయినా తలుపు తెరిచే ఉంటాయి. పోయేటప్పుడు "విమానంలో ఫలానా రోజు వచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి.

బోర్డింగ్ పాస్ దిగగానే చెత్తలో వేస్తారు. వేయొద్దు. వారం పాటు దిండు కిందో, బీరువాలోనో ఉంచండి. ఆ విమానంలో ఎవరికైనా స్వైన్ ఫ్లూ అప్పట్లా కొత్త రకం ఫ్లూ తేలితే వాళ్ల సీటుకు ముందు, వెనక దగ్గరి వరుసల్లో ఉన్నవాళ్లను ఆరోగ్య శాఖ వాళ్లు వెతకొచ్చు. మీ సీటు నంబరు దాని మీద రాసి ఉంటుంది.